కోర్టు పిలిస్తే వెళ్లాల్సిందే... మరి ఆ రోజుల జీతం ఎవరిస్తారు?

అమెరికాలో సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేశారు, జెండా పట్టుకుని ఫొటో దిగారు, వాట్సాప్ స్టేటస్ పెట్టారు. కొన్నాళ్లకు మెయిల్‌బాక్స్‌లో కౌంటీ కోర్టు నుంచి ఓ కవరు. పైన ‘జ్యూరీ సమన్లు’ అని ఉంటుంది. సమన్లు అన్న మాట చూడగానే మనవాళ్లకి సగం ప్రాణం పోతుంది. ‘నేనేం చేశాను?’ అని ముందు భయం. గూగుల్ చేశాక భయం తగ్గుతుంది. వేరేవాళ్ల కేసులో తీర్పు చెప్పడానికి మిమ్మల్ని పిలిచారంతే.

ఆ భయం పోగానే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆఫీసులో ఏం చెప్పాలి? సెలవు ఇస్తారా? ఇచ్చినా జీతం ఇస్తారా, కోస్తారా? కేసు రెండు వారాలు సాగితే ఇంటి ఈఎంఐ సంగతేంటి?

రెండు ముక్కల్లో చెప్పాలంటే... మీ ఉద్యోగానికి చట్టం గట్టి కాపలా పెట్టింది. మీ జీతానికి మాత్రం అన్నిచోట్లా అంత గట్టి కాపలా లేదు. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారు, నెల జీతమా గంటల లెక్కా, కంపెనీ హ్యాండ్‌బుక్‌లో ఏం రాశారు అన్న మూడింటి మీద అంతా ఆధారపడి ఉంటుంది. ఈ వారం ఆ లెక్కలు చూద్దాం. అక్కడ ఉన్నవాళ్లకి నేరుగా పనికొస్తాయి. అక్కడ అన్నో అక్కో ఉన్నవాళ్లు లింక్ పంపించండి. ఇక్కడే ఉన్నవాళ్లకీ చివర్లో ఓ మాట ఉంది.

ఎవరిని పిలుస్తారు?

జ్యూరీలో కూర్చోవాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, కనీసం 18 ఏళ్లుండాలి, ఇంగ్లిష్ అర్థమవ్వాలి. హెచ్‌1బీ, గ్రీన్‌కార్డ్ మీద ఉన్నవాళ్లకి ఈ అర్హత లేదు. అయినా కొన్నిసార్లు వాళ్లకీ కవరు వస్తుంది. ఎందుకంటే చాలాచోట్ల కోర్టులు పేర్లు ఏరేది ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్స్ జాబితాల నుంచి కూడా. లైసెన్స్ ఉన్నవాడు సిటిజనా కాదా అన్నది ఆ జాబితాకి తెలియకపోవచ్చు.

అలాంటి కవరు వస్తే చెత్తబుట్టలో పడేయొద్దు. లోపల ఉండే ప్రశ్నావళిలో ‘నేను పౌరుణ్ని కాదు’ అన్న గడిలో టిక్ పెట్టి పంపాలి. అడిగితే రుజువు చూపించాలి. అక్కడితో అయిపోతుంది. పొరపాటున కూడా ‘పౌరుణ్ని’ అన్న గడిలో టిక్ పెట్టొద్దు. సిటిజన్ కాకుండా సిటిజన్‌నని చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద తప్పు. దేశం నుంచి పంపించేసే దాకా వెళ్లగలదు. ఫారం చదవకుండా టిక్కులు పెట్టే అలవాటు ఉంటే ఇక్కడ మాత్రం మానుకోండి.

ఉద్యోగం పోతుందా? పోదు

ఫెడరల్ కోర్టు జ్యూరీకి వెళ్లిన పర్మినెంట్ ఉద్యోగిని తీసేయడం, తీసేస్తానని బెదిరించడం, వెళ్లొద్దని ఒత్తిడి చేయడం నేరుగా ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అలా చేసిన కంపెనీకి ఒక్కో ఉల్లంఘనకి 5,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. ఉద్యోగిని వెనక్కి తీసుకోమని, పోయిన జీతం కట్టమని కోర్టు ఆదేశించొచ్చు. సమాజ సేవ చేయమని యజమానికే శిక్ష వేసే వీలు కూడా ఆ చట్టంలో ఉంది!

రాష్ట్రాల కోర్టులకి రాష్ట్రాల చట్టాలున్నాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకోండి. జ్యూరీకి వెళ్లాడన్న కారణంతో పర్మినెంట్ ఉద్యోగిని తీసేస్తే, కనీసం ఏడాది జీతం నుంచి ఐదేళ్ల జీతం దాకా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. కాలిఫోర్నియాలోనూ తీసేయడం కుదరదు. కాకపోతే ఉద్యోగి ముందుగా తగినంత సమయం ఇచ్చి చెప్పి ఉండాలి. కవరు వచ్చిన రోజే మేనేజర్‌కి, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి సమన్ల కాపీ జత చేయమనేది అందుకే. నోటిమాటగా చెప్పి వదిలేయొద్దు. రాతలో ఉంటేనే రేపు మీకు ఆధారం.

జీతం సంగతి... ఇక్కడే మెలిక

అమెరికాలో కనీస వేతనాలు, ఓవర్‌టైమ్ చూసే ఫెడరల్ చట్టం ఒకటుంది. పని చేయని సమయానికి జీతం ఇవ్వమని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. జ్యూరీ డ్యూటీ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అంటే దేశమంతటికీ వర్తించే ‘జ్యూరీ జీతం’ నిబంధన ప్రైవేటు ఉద్యోగులకి లేదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులకి మాత్రం ‘కోర్టు లీవ్’ పేరుతో పూర్తి జీతం వస్తుంది.

కానీ నెల జీతం మీద ఉండే ఆఫీసు ఉద్యోగులకి ఓ రక్షణ ఉంది. ఓవర్‌టైమ్ లేకుండా స్థిర జీతం మీద ఉండేవాళ్లని అక్కడ ‘ఎగ్జెంప్ట్’ ఉద్యోగులు అంటారు. సాఫ్ట్‌వేర్ ఫుల్‌టైమ్ ఉద్యోగాలు చాలావరకు ఈ కోవలోవే. వీళ్లు ఒక వారంలో కొంచెమైనా పని చేసి, మిగతా రోజులు జ్యూరీకి వెళ్తే, ఆ వారం జీతం కోయడానికి వీల్లేదు. సోమవారం పని చేసి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా కోర్టులో ఉన్నా వారం జీతం పూర్తిగా రావాలి. కోర్టు ఇచ్చిన ఫీజును మాత్రం కంపెనీ అందులోంచి మినహాయించుకోవచ్చు. వారం మొత్తంలో ఒక్క గంట కూడా పని చేయకపోతే ఆ వారానికి ఇవ్వకపోయినా ఫెడరల్ నిబంధన అడ్డుకోదు.

గంటల లెక్కన పనిచేసేవాళ్లకి ఈ రక్షణ లేదు. గ్యాస్ స్టేషన్‌లో, గోదాములో, రెస్టారెంట్‌లో, హోమ్ హెల్త్‌లో పనిచేసేవాళ్లు మాత్రమే అనుకోకండి. కన్సల్టెన్సీ ద్వారా గంటకి ఇంత అని డబ్ల్యూ2 మీద పనిచేసే ఐటీ వాళ్లూ చాలామంది ఇందులోకే వస్తారు. ఇక సొంత ఎల్‌ఎల్‌సీ పెట్టుకుని కాంట్రాక్టు చేసేవాళ్లకి యజమాని వాళ్లే. బిల్లింగ్ ఆగితే ఆదాయం ఆగినట్టే. ఊబర్ నడిపేవాళ్లదీ అదే కథ.

ఒకే మనిషి, ఐదు రోజులు, ఏడు లెక్కలు

ఉదాహరణకి ఒకరున్నారనుకుందాం. గంటకి 25 డాలర్లు, రోజుకి 8 గంటలు. అంటే రోజుకి 200, ఐదు రోజులకి 1,000 డాలర్లు. ఫుల్‌టైమే, కానీ గంటల లెక్క. కంపెనీ తనంతట తాను ఏమీ ఇవ్వదు, చట్టం చెప్పినంతే ఇస్తుంది. ఈ వ్యక్తి రాష్ట్ర కోర్టులో సరిగ్గా ఐదు రోజులు జ్యూరీలో కూర్చుంటే చేతికి ఎంత వస్తుంది? ప్రయాణ ఖర్చులు పక్కన పెట్టి చూద్దాం.

కనెక్టికట్: ఫుల్‌టైమ్ ఉద్యోగికి మొదటి ఐదు రోజులు మామూలు జీతం యజమానే ఇవ్వాలి. చేతికి 1,000. నష్టం సున్నా.

టెనెసీ: ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థ మామూలు జీతం ఇవ్వాలి. కోర్టు ఫీజు మినహాయించుకోవచ్చు. రెండూ కలిపితే 1,000. ఇక్కడా నష్టం లేదు. ఆరు నెలలు కూడా నిండని తాత్కాలిక ఉద్యోగులకి ఈ సౌకర్యం వర్తించదు.

మసాచుసెట్స్: మొదటి మూడు రోజులు యజమాని, నాలుగో రోజు నుంచి రాష్ట్రం రోజుకి 50 డాలర్లు. 600 ప్లస్ 100, మొత్తం 700. నష్టం 300.

న్యూయార్క్: చాలా ఏళ్లు రోజుకి 40 డాలర్లే ఉండేది. 2025 జూన్ నుంచి 72 చేశారు. పదిమందికి మించి ఉన్న సంస్థ మొదటి మూడు రోజులు ఆ 72 ఇవ్వాలి, తర్వాత రాష్ట్రం ఇస్తుంది. ఐదు రోజులకి 360. నష్టం 640.

టెక్సాస్: యజమాని ఇవ్వాలన్న నిబంధన ప్రైవేటులో లేదు. కోర్టు ఫీజు ఒకప్పుడు మొదటి రోజుకి 6 డాలర్లే. 2023 సెప్టెంబర్ నుంచి మొదటి రోజు కనీసం 20, ఆ తర్వాత రోజుకి 58. మొత్తం 252. నష్టం 748.

కొలరాడో: మొదటి మూడు రోజులు యజమాని మామూలు జీతమే ఇవ్వాలి, కానీ రోజుకి 50 డాలర్లకి మించక్కర్లేదు. తర్వాత రాష్ట్రం 50. మొత్తం 250. నష్టం 750.

కాలిఫోర్నియా: యజమాని ఇవ్వాలన్న నిబంధన లేదు. కోర్టు ఫీజు రెండో రోజు నుంచి రోజుకి 15 డాలర్లు. నాలుగు రోజులకి 60. నష్టం 940!

ఒకే పని, ఒకే దేశం. సిలికాన్ వ్యాలీ ఉన్న రాష్ట్రంలో ఆ వారానికి 60 డాలర్లు. దాంతో శాన్‌ఫ్రాన్సిస్కోలో పార్కింగ్ కూడా వెళ్లకపోవచ్చు. కేసు ఫెడరల్ కోర్టులో అయితే మాత్రం ఏ రాష్ట్రమైనా ఫీజు రోజుకి 50. పది రోజులు దాటిన విచారణల్లో 60 దాకా పెంచే వీలుంది.

కంగారు పడకండి. ఐదు రోజులు కూర్చోవడం అందరికీ జరగదు. చాలా కోర్టుల్లో ‘ఒక రోజు లేదా ఒక కేసు’ పద్ధతి ఉంది. వెళ్లిన రోజు ఏ కేసుకీ ఎంపిక కాకపోతే సాయంత్రం ఇంటికి వచ్చేయొచ్చు, ఆ విడతకి మీ బాధ్యత తీరినట్టే. కొన్నిచోట్ల ముందురోజు రాత్రి కోర్టు వెబ్‌సైట్‌లో మీ గ్రూప్ నంబర్ చూసుకుంటే, రావాల్సిన పనే లేదని తేలుతుంది.

హ్యాండ్‌బుక్ తెరవండి

చట్టం అడగకపోయినా చాలా పెద్ద కంపెనీలు జ్యూరీ డ్యూటీకి పూర్తి జీతం ఇస్తాయి. చేరిన రోజు డిజిటల్ సంతకం పెట్టి, మళ్లీ ముఖం చూడని ఎంప్లాయీ హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ ఉంటుంది. అందులో ఈ ఐదు విషయాలు వెతకండి.

ఒకటి, ఎన్ని రోజులకి ఇస్తారు? కొన్ని కంపెనీలు ఐదు రోజులు, కొన్ని పది, కొన్ని కేసు అయ్యేదాకా ఇస్తాయి. 

రెండు, కోర్టు ఇచ్చిన ఫీజు ఎవరిది? కొన్నిచోట్ల మీరే ఉంచుకోవచ్చు. కొన్నిచోట్ల కంపెనీకి తిరిగివ్వాలి, లేదా జీతంలోంచి తగ్గిస్తారు.

మూడు, సెలవులు కోస్తారా? ఇదో లోపాయికారీ దారి. జీతం కోయరు, మీరు దాచుకున్న పెయిడ్ లీవ్‌లోంచి ఆ రోజులు లాగేస్తారు. సంక్రాంతికి ఇంటికి రావడానికి దాచుకున్న సెలవులు కోర్టు హాల్లో కరిగిపోతాయి. అలబామా, అరిజోనా, ఒహాయో, వర్జీనియా లాంటి రాష్ట్రాలు దీనికి అడ్డుకట్ట వేశాయి. అక్కడ జ్యూరీ కోసం సొంత సెలవులు వాడమని యజమాని బలవంతం చేయకూడదు.

నాలుగు, షిఫ్టుల సంగతేంటి? పగలంతా కోర్టు, రాత్రంతా డ్యూటీ అంటే మనిషి నిద్రపోయేదెప్పుడు? నిద్రలేని జ్యూరర్ సాక్ష్యం ఏం వింటాడు? వర్జీనియాలో ప్రయాణంతో కలిపి నాలుగు గంటలు, అంతకన్నా ఎక్కువ కోర్టుకి ఇచ్చినవాళ్లని, ఆ సాయంత్రం 5 తర్వాత గానీ మర్నాడు తెల్లవారుజామున 3 లోపు గానీ షిఫ్టు మొదలుపెట్టమనకూడదు. టెనెసీలో నైట్ షిఫ్ట్ వాళ్లకి కోర్టు మొదటి రోజుకి ముందు రాత్రి డ్యూటీ నుంచి మినహాయింపు ఉంది.

ఐదు, రుజువు ఏం కావాలి? వెళ్లిన ప్రతిరోజూ కోర్టు క్లర్క్ దగ్గర హాజరు పత్రం అడిగి తీసుకోండి. పేరోల్ వాళ్లు అడిగేది అదే.

ఇది చిల్లర గొడవ కాదు

‘రెండు రోజుల జీతం గురించి ఇంత రాద్ధాంతమా?’ అని కొందరికి అనిపించొచ్చు. నెలకి ఆరంకెల్లో సంపాదించేవాడికి అది చిల్లరే. కానీ జ్యూరీ అనే ఏర్పాటు మొత్తం నిలబడి ఉన్నది ఈ చిల్లర మీదే. ఎలాగంటారా?

నేరం మోపబడ్డవాడి తలరాతని ఒక్క జడ్జి కాకుండా ఊళ్లోని రకరకాల మనుషులు కలిసి తేల్చాలి. జ్యూరీ వెనక ఉన్న ఆలోచన అదే. మరి రోజు కూలీ పోతుందన్న భయంతో గంటల లెక్కన పనిచేసేవాళ్లంతా ‘నా వల్ల కాదు’ అని తప్పుకుంటే? కోర్టులు కూడా జాలిపడి ఆర్థిక ఇబ్బంది కింద వాళ్లని వదిలేస్తాయి. చివరికి ఆ పన్నెండు కుర్చీల్లో మిగిలేది ఎవరు? జీతం ఆగనివాళ్లు, పింఛన్ వచ్చేవాళ్లు, ఆస్తులున్నవాళ్లు.

ఈ గొడవ ఎనభై ఏళ్ల కిందటే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓ ప్రయాణికుడు నడుస్తున్న రైలు కిటికీలోంచి దూకి గాయపడి, సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ మీద దావా వేశాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ కోర్టులో విచారణ. అప్పుడు బయటపడిందేంటంటే, అక్కడి అధికారులు జ్యూరీ జాబితాలోకి రోజు కూలీ మీద బతికేవాళ్ల పేర్లే రానివ్వట్లేదు. కారణం? జ్యూరీ ఫీజు రోజుకి 4 డాలర్లు. అంతకు మించి సంపాదించే కార్మికుడు ఎలాగూ ‘నన్ను వదిలేయండి’ అంటాడు, జడ్జి ఎలాగూ వదిలేస్తాడు, ఇక పిలవడం దేనికి అన్నది వాళ్ల వాదన. 1946లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఒక్కొక్కరి ఇబ్బంది చూసి వదిలేయొచ్చు గానీ, కూలి చేసుకునే వర్గాన్ని మొత్తంగా పక్కన పెడితే అది జ్యూరీ అనిపించుకోదని చెప్పి, కేసు మళ్లీ విచారించమంది.

తీర్పు బాగుంది. కానీ ఆ రోజు లెక్క, ఈ రోజు కాలిఫోర్నియా 15 డాలర్ల లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. జాబితాలోంచి పేరు తీసేయడం ఆగింది. జేబు చూసుకుని మనుషులు తామే తప్పుకోవడం ఆగలేదు.

యజమానుల వైపు నుంచీ ఓ వాదన ఉంది. ‘పని చేయని రోజుకి నేనెందుకు ఇవ్వాలి? కోర్టు నడపాల్సింది ప్రభుత్వం కదా?’ అని. ఐదుగురు పనిచేసే చిన్న హోటల్‌లో ఒకరు రెండు వారాలు లేకపోతే ఆ ఓనర్ కష్టం నిజమే. అందుకే కొన్ని రాష్ట్రాలు చిన్న సంస్థలకి జీతం నిబంధన పెట్టలేదు. ఒకే చిన్న సంస్థ నుంచి ఒకేసారి ఇద్దరికి పిలుపు వస్తే రెండోవాళ్లది వాయిదా వేసే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంది. అలబామాలో జ్యూరీ జీతం చట్టం రాజ్యాంగానికి విరుద్ధమన్న వాదన 1973లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. రాష్ట్రం అలాంటి చట్టం చేసుకోవచ్చని కోర్టు తేల్చేసింది. అందుకు ఆధారంగా 1952 నాటి ఇంకో తీర్పును తీసుకుంది. ఓటు వేయడానికి వెళ్లిన ఉద్యోగి జీతం కోయకూడదన్న మిస్సోరీ చట్టాన్ని సమర్థించిన తీర్పు అది. ఓటూ జ్యూరీ రెండూ పౌరుడి పనులే, ఆ కొద్ది గంటల భారం యజమాని కొంత మోయొచ్చన్నది ఆ వరస.

డబ్బు పెడితే మార్పు వస్తుందని నమ్మి ముందుకొచ్చిన చోట్లూ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2022లో తక్కువ ఆదాయం ఉన్న జ్యూరర్లకి రోజుకి 100 డాలర్లు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టారు. అరిజోనాలో సుదీర్ఘ విచారణల కోసం ప్రత్యేక నిధి ఉంది. జీతం నష్టపోయిన జ్యూరర్‌కి రోజుకి 300 డాలర్ల దాకా అందులోంచి ఇస్తారు.

‘12 యాంగ్రీ మెన్’ సినిమా చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఓ జ్యూరర్ జేబులో బేస్‌బాల్ మ్యాచ్ టికెట్లుంటాయి. ఓ కుర్రాడి ప్రాణం మీద నిర్ణయం తీసుకుంటూ, త్వరగా తేల్చేసి వెళ్లిపోదామని తొందరపడతాడు. మ్యాచ్ కోసమే అంత తొందరైతే, ఇంటి అద్దెకి డబ్బు తగ్గుతున్నవాడికి ఇంకెంత తొందర ఉంటుంది? ‘సరే, మీరంతా ఏదంటే అదే’ అని చెయ్యెత్తేస్తే నష్టపోయేది బోనులో నిలబడ్డవాడు. ఆ బోనులో రేపు మనవాడే నిలబడాల్సి రావచ్చు. అప్పుడు ఆ కుర్చీల్లో మన యాస, మన ఇంటి పద్ధతులు తెలిసిన ఒక్క మనిషైనా ఉండాలని కోరుకుంటాం. ‘జ్యూరీ డ్యూటీ తప్పించుకోవడం ఎలా’ అని గ్రూపుల్లో చిట్కాలు అడిగేవాళ్లు ఈ ఒక్క కోణం ఆలోచించాలి.

ఇండియా పాస్‌పోర్ట్‌తోనూ జ్యూరీలోకి!

లండన్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జ్యూరీకి బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. కామన్వెల్త్ దేశాల పౌరులు అక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. మనమూ కామన్వెల్తే. ఓటర్ల జాబితాలో పేరుండి, 18 నుంచి 75 ఏళ్ల మధ్య వయసుండి, 13 ఏళ్లు దాటాక కనీసం ఐదేళ్లు అక్కడ నివసించి ఉంటే పిలుపు రావచ్చు. అక్కడా యజమాని సెలవు ఇవ్వాల్సిందే, జీతం ఇవ్వాలన్న నిబంధన మాత్రం లేదు. జీతం కోస్తే కంపెనీతో ఫారం నింపించి కోర్టు దగ్గర పరిహారం అడగొచ్చు. మొదటి పది రోజుల్లో రోజుకి గరిష్ఠంగా 64.95 పౌండ్లు. నాలుగు గంటల లోపు కూర్చుంటే అందులో సగం.

ఆస్ట్రేలియాలో పౌరులకే జ్యూరీ. అక్కడ క్యాజువల్ కాని ఉద్యోగులకి మొదటి పది రోజులు, కోర్టు ఫీజుకీ మామూలు జీతానికీ మధ్య తేడాని యజమాని కట్టాలి. జాతీయ కార్మిక చట్టంలోనే ఆ మాట ఉంది.

మరి మన దగ్గర?

మన దగ్గర క్రిమినల్ కేసుల్లో జ్యూరీ ఎప్పుడో పోయింది. అక్షయ్ కుమార్ ‘రుస్తుం’ చూశారు కదా, దానికి ఆధారమైన నానావతి కేసు 1959లో జరిగింది. జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. హైకోర్టు ఆ తీర్పుని తిరగేసింది. 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. 

జ్యూరీ లేకపోయినా ఆ ప్రశ్న మాత్రం మన దగ్గరా ఉంది. పౌరుడిగా చేసే పనికి రోజు కూలి ఎవరు భరించాలి? పోలింగ్ రోజే తీసుకోండి. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఆ రోజు ఓటున్న ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ప్రైవేటు సంస్థలకీ, దుకాణాలకీ ఇది వర్తిస్తుంది. పనికి వస్తేనే కూలి అన్న లెక్కన చేసేవాళ్లకి కూడా ఆ రోజు కూలి ఇవ్వాలని చట్టంలో స్పష్టంగా ఉంది. కానీ ఉల్లంఘించిన యజమానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 500 రూపాయలు. హైదరాబాద్‌లో పనిచేస్తూ సొంతూళ్లో ఓటున్న కుర్రాడికి రానూపోనూ బస్సు టికెట్టే అంతకన్నా ఎక్కువ. ఇక యాప్‌లో లాగిన్ అయితేనే డబ్బులు వచ్చే డెలివరీ కుర్రాళ్లకి జీతమే లేనప్పుడు జీతంతో సెలవు ఎక్కడిది?

సాక్షులదీ అంతే. యాక్సిడెంట్ చూసి సాక్ష్యం చెప్పడానికి ముందుకొచ్చినవాడు వాయిదా వాయిదాకీ కోర్టు చుట్టూ తిరగాలి. సాక్షి ఖర్చులు ప్రభుత్వం నుంచి ఇప్పించే వీలు చట్టంలో ఉంది. పోయిన రోజు కూలికి అది సాటి రాదని కోర్టు మెట్లెక్కిన ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. ‘మనకెందుకులే’ అని జనం తప్పుకునేది భయంతోనే కాదు, ఈ లెక్కతో కూడా.

కవరు వస్తే ఇలా చేయండి

మొదట, పక్కన పడేయొద్దు. స్పందించకపోతే కోర్టు జరిమానా వేయొచ్చు, అంతకన్నా పెద్ద చిక్కూ రావచ్చు. తేదీ కుదరకపోతే వాయిదా అడగండి. మొదటిసారి వాయిదా చాలా కోర్టులు ఆన్‌లైన్‌లోనే ఇచ్చేస్తాయి. ప్రాజెక్ట్ గో-లైవ్ ఉన్నా, ఇండియా టికెట్లు బుక్ అయినా చెప్పుకోవచ్చు.

జీతం లేకుండా నిజంగా ఇల్లు గడవని పరిస్థితైతే ఆర్థిక ఇబ్బంది కింద మినహాయింపు అడిగే హక్కు మీకుంది. పే స్టబ్, జ్యూరీకి జీతం ఇవ్వమని కంపెనీ రాసిచ్చిన లెటర్ జత చేయండి. లేని కష్టం మాత్రం అల్లొద్దు. ప్రమాణం చేసి చెప్పే మాట అది.

‘మీరు జ్యూరీకి రాలేదు, అరెస్ట్ వారెంట్ ఉంది, వెంటనే డబ్బు కట్టండి’ అని ఫోన్ వస్తే అది మోసమే. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డుల్లో, క్రిప్టోలో జరిమానా కట్టించుకోదు. ఫోన్ పెట్టేసి, కోర్టు అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే చేయండి.

కేసులో ఎంపికైతే దాని గురించి ఇంట్లో చర్చ వద్దు, గూగుల్ వద్దు, ఇన్‌స్టా స్టోరీ అసలే వద్దు. జడ్జి ఈ మాట మొదటిరోజే చెబుతారు.

ఇవన్నీ కవరు వచ్చాక చేసేవి. అంతకు ముందే చేయగలిగింది ఒకటుంది. ఇవాళే మీ కంపెనీ పోర్టల్‌లోకి వెళ్లి, సెర్చ్ బాక్స్‌లో ‘జ్యూరీ’ అని కొట్టి ఆ పేజీ చదవండి. రోజులెన్నో, ఫీజు ఎవరిదో, సెలవులు కోస్తారో లేదో చూసుకోండి. పేజీయే లేకపోతే హెచ్‌ఆర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. ఆ జవాబు మీకే కాదు, మీ పక్క డెస్క్‌లో గంటల లెక్కన పనిచేసే మనిషికి ఇంకా ఎక్కువ అవసరం.